చెమట పట్టని పెట్టె

1985 మే నెల. కాజీపేట జంక్షన్, రెండో ప్లాట్‌ఫాం. ఎర్ర చొక్కా వేసుకుని పోర్టర్ వేషంలో తిరుగుతున్న ఏజెంట్ రాంచందర్‌కు ఒళ్లు మండిపోతోంది. ఎండకు కాదు, ముందురోజు చీఫ్ చూపించిన ఫైలుకు.

ఫైల్లో ఉన్నది జెడ్-ఫార్టీ అనే విదేశీ మందు కథ. మార్చిన కిడ్నీ ఒంట్లో నిలవాలంటే రోగనిరోధక శక్తిని కొంత అణచాలి. ఈ మందు ఆ పని చేస్తుంది. కానీ కంపెనీ చెప్పిన డోసు వేస్తే మరీ అణచేస్తుంది. అప్పుడు ఒంట్లో నిద్రపోతున్న ఒక వైరస్ లేచి మెడలో, చంకల్లో క్యాన్సర్ గడ్డలు పుట్టిస్తుంది. దీన్ని పట్టుకున్నది వరంగల్ డాక్టర్ విజయలక్ష్మి. ట్రయల్ పేరుతో ఆ మందు మింగిన పదకొండు మందిలో ముగ్గురు అప్పటికే పోయారు. మిగతా ఎనిమిది మందికి ఆమె డోసు తగ్గిస్తే గడ్డలు కరగడం మొదలైంది. ఈ సంగతి కంపెనీకి ముందే తెలుసు. తెలిసే దాచారు, సిగ్గులేని మనుషులు.

"ఎల్లుండి సాయంత్రం నాలుగింటికి ఢిల్లీలో లైసెన్స్ మీద సంతకం, అదే డోసుతో," అన్నాడు చీఫ్. "ఆపాలంటే డాక్టరమ్మ పేషెంట్ల నుంచి తీసిన బ్లడ్ శాంపిల్స్ అక్కడికి చేరాలి. కంపెనీ పెంచుతున్న ఆర్కిడ్ ముఠా చేరనివ్వదు. ముఠాలో మన మనిషి ఉంది. పేరు లీనా. శాంపిల్స్ ఉన్న ఐసు పెట్టె ఆమే తెస్తుంది."

చీఫ్ ఒక వాచీ కూడా ఇచ్చాడు. ఆ ఐసు పెట్టె లోపల ఎన్ని డిగ్రీలుందో అది చూపిస్తుంది.

లీనా కారు దిగగానే ప్లాట్‌ఫాం మొత్తం అటే చూసింది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. పైకి ఆమె అదే కంపెనీ మెడికల్ రిప్రజెంటేటివ్. ల్యాబ్ నుంచి తెచ్చిన రేకు పెట్టె పక్కన పెట్టింది.

"ఈ బండి నెక్కొండలో ఆగుతుందా?"

"ఆగినా నేను దిగను," అన్నాడు రాంచందర్. కోడ్ కుదిరింది. వాచీలో నాలుగు డిగ్రీలు.

ఢిల్లీ వెళ్తున్న డాక్టరమ్మను సాగనంపడానికి ఆమె పేషెంట్లు ఎనిమిది మందీ వచ్చారు. వాళ్లలో, రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ పర్శరాములు పెట్టె ఎత్తడానికి సాయం పట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అన్నా, జర ఆగు. ఐసున్న రేకు పెట్టెకు ఈ ఎండల చెమట వట్టాలె. ఇది పొడిగున్నది."

రాంచందర్ మూత తెరిచాడు. ఐసు లేదు. వేడినీళ్ల సంచీల మధ్య ట్యూబుల్లో రక్తం నల్లగా చెడిపోయింది. వాచీలో మాత్రం ఇంకా నాలుగు డిగ్రీలే. ఎప్పుడూ నాలుగే చూపేలా పెట్టెలోని పరికరాన్ని లీనా ముందే మార్చేసింది. అతను మణికట్టు పట్టుకుంటే లీనా విదిలించుకోలేదు.

"ఎక్కడో నలుగురికి గడ్డలు లేస్తే ఏమైంది, రాంచందర్?"

అంత కోపం అతనికి జీవితంలో రాలేదు. ఆమెను అక్కడికక్కడే రైల్వే పోలీసులకు అప్పగించాడు.

గార్డు విజిల్ వేశాడు. మళ్లీ రక్తం తీయడానికి టైం లేదు, ట్యూబులూ లేవు. డాక్టరమ్మ బెంచీ మీద కూలబడింది. పర్శరాములు ఆమె ముందు నిలబడ్డాడు.

"రక్తం ఖరాబైతే ఏంది డాక్టరమ్మా? రక్తమున్నోళ్లం ఈడనే ఉన్నం గద. మమ్ముల తోల్కపో."

అని బండెక్కేశాడు. వెనక మిగతా ఏడుగురూ, డాక్టరమ్మ కోసం తెచ్చిన టిఫిన్ గిన్నెలతో సహా ఎక్కారు. డాక్టరమ్మ కూడా లేచి ఎక్కింది. కదులుతున్న బండిలోకి ఆఖరున ఎక్కినవాడు రాంచందర్.

మర్నాడు నాలుగింటికి ఢిల్లీలో ఆఫీసరు పెన్ను మూత తీశాడు. పాళీ కాగితానికి ఆనబోతుండగా తలుపు తెరుచుకుంది. పర్శరాములు కాలర్ బొత్తాం విప్పి మెడ చూపించాడు.

"మా చెల్లె రాజవ్వ నేను బతకాలెనని కిడ్నీ ఇచ్చింది. మీరు మందు ఎక్కువ వోసి సంపుతందుకు కాదు."

కంపెనీ మనుషులు తలలు దించుకున్నారు. ఆఫీసరు లైసెన్స్ కాగితాన్ని పక్కకు నెట్టి, అందరికీ రక్తపరీక్షలు చేయమని రాశాడు.

ల్యాబ్‌లో గుమస్తా ఫారం ఇచ్చాడు. శాంపిల్స్ ఎన్ని? ఎనిమిది. ఏ స్థితిలో చేరాయి? రాంచందర్ నింపాడు: "నడుచుకుంటూ వచ్చాయి. చాలా కోపంగా ఉన్నాయి."