నలభై నిమిషాలు

ఉదయం ఏడింటికి టైలరమ్మ తన కొడుకు చొక్కాకి నొక్కితే పట్టుకునే టిచ్ బటన్లు కుడుతోంది. మామూలు గుండీలు వాడు పెట్టుకోలేడు. మూడేళ్ల క్రితం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పటి నుంచి ఎడమచేతి వేళ్లు సరిగ్గా ముడుచుకోవు.

వంటింట్లో ఆమె భర్త, బస్సు డిపోలో మెకానిక్, కాగితం చూసి పైకి చదువుతున్నాడు. పక్క గదిలో లా చదివే కూతురు ఫోను చూసి చదువుతోంది. మత్తుమందుల్ని లైసెన్సు ఇచ్చి దుకాణాల్లో అమ్మనివ్వాలా, ఇప్పటిలాగే నేరంగా ఉంచాలా అన్న విషయం మీద ప్రభుత్వం తరఫున పురపాలక సంఘం ఆ సాయంత్రం జనం మాట వింటుంది. మనిషికి రెండు నిమిషాలు. తండ్రి వద్దంటాడు, కూతురు కావాలంటుంది. వారం రోజులుగా ఇంట్లో ఇదే గోల.

"నాన్నా, నీది రెండు నిమిషాల నలభై సెకన్లు అయింది. గంట కొట్టి దింపేస్తారు."

"నీది మొదలుపెడితే గంట కొట్టేవాడే లేచి వెళ్లిపోతాడులేవే."

టైలరమ్మ నవ్వింది. మరుక్షణం ఆమె సూది ఆగింది. ఇద్దరి నోటా ఒకే వాక్యం వచ్చింది: "మా ఇంట్లోనే ఒకడున్నాడు."

"ఆగండి ఇద్దరూ. వాణ్ణి అడిగారా?"

"ఏమని?" అన్నాడు మెకానిక్.

"నన్ను సభలో నిలబెట్టొచ్చా అని," అన్న మాట గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. బేకరీలో తెల్లవారుజాము డ్యూటీ దిగి వచ్చిన కొడుకు రొట్టెల పొట్లం బల్ల మీద పెట్టాడు. కూర్చోలేదు. "మెట్ల మీదకే వినబడుతున్నారు."

"నువ్వే చెప్పరా. ఆ దుకాణం మన వీధిలో పెడితే దాని ముందు నుంచి నడిచి రాగలవా?"

"ఒక్కోరోజు రాలేను నాన్నా."

"విన్నావా?" అన్నాడు తండ్రి కూతురితో.

"అయితే అన్నయ్యా, మత్తు ఎక్కువై నువ్వు పడిపోయిన రోజు నీ స్నేహితులు నిన్ను మన గుమ్మంలో పడేసి ఎందుకు పారిపోయారు? పోలీసులకి భయపడి కాదూ?"

"అదీ నిజమే. కానీ ఇదంతా నాకు జరిగిందే. కాగితం మీదకి ఎక్కించేముందు నన్నొక్క మాట అడగొద్దూ?"

కూతురు తల దించుకుంది. తండ్రి మాత్రం తగ్గలేదు. "భయపడాలిరా! భయం ఉంటేనే మనిషి అదుపులో ఉంటాడు."

"నేనూ భయపడ్డానండీ," అంది టైలరమ్మ.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"ఆ పూట మీరు డిపోలో ఉన్నారు. అంబులెన్సు వచ్చేలోపు వాడి జేబులో పొట్లం తీసి బాత్రూంలో పారబోశాను. ఏం తీసుకున్నాడమ్మా అని డాక్టరు మూడుసార్లు అడిగాడు. తిన్నది పడలేదేమో అన్నాను. నిజం చెబితే వీణ్ణి మంచం మీదనుంచే జైలుకి తీసుకుపోతారనుకున్నాను. రక్తపరీక్షలో బయటపడేసరికి నలభై నిమిషాలు గడిచాయి. వీడి చెయ్యి పోయింది ఆ నలభై నిమిషాల్లోనే."

మెకానిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మూడేళ్లూ నాకు చెప్పలేదేమే?"

"మీరు పొద్దున లేస్తే చట్టం, చట్టం అంటుంటే ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

కొడుకు వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. "నాకు తెలుసమ్మా. ఆసుపత్రి కాగితాల్లో ఉంది. 'తల్లి చెప్పిన కారణం: అజీర్తి.' ఎప్పుడో చదివాను."

"మరి నన్నెందుకు నిలదియ్యలేదురా?"

"నువ్వు నన్ను నిలదీశావా, ఎందుకు తీసుకున్నావని?"

ఆమె ఏడ్చింది. వాడు కుడిచేత్తో ఆమె భుజం పట్టుకున్నాడు. "నీకు భయం వెయ్యకపోతే చెప్పేదానివమ్మా. నాన్న కాగితంలోనూ, చెల్లి ఫోనులోనూ లేని సంగతి అదే."

మెకానిక్ తన కాగితం కాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫోను తీసి పురపాలక సంఘం ఆఫీసుకి కలిపాడు.

"ఏవండీ, సాయంత్రం సభలో నా బదులు మా ఆవిడ మాట్లాడుతుంది... ఆఁ?" ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "అనుకూలమా, వ్యతిరేకమా అని అడుగుతున్నాడు."

టైలరమ్మ కొడుకు వైపు చూసింది. "అక్కడ ఇదంతా చెప్పమంటావా నాన్నా?"

"చెప్పమ్మా. నా పేరు కూడా చెప్పు. నేను ముందు వరసలో కూర్చుంటాను."

మెకానిక్ ఫోను మీద నుంచి చెయ్యి తీశాడు.

"ఏ వైపూ కాదండీ. పిల్లవాడి తల్లి. అంతే రాసుకోండి."