బతూల్ పంపిన ఐదో రొట్టె

“మూతపెట్టి కాల్చండి” అంది ఆమె. “మొత్తం పెట్టి కాల్చండి” అని విన్నాను నేను.

తప్పు నా ఒక్కడిదే కాదు. లోపల మంట గుబగుబమంటోంది, వెనకసందులో రాగిగిన్నెలు కొట్టేవాళ్ళ మోత. పైగా మొరాకోలో మా ఫెజ్ పాతబస్తీలో ఆలివ్ పిక్కలంటే రొట్టెల బట్టీకి వంటచెరుకే. సంచినిండా తెచ్చిస్తే ఇంకేం చేస్తాను? పారతో ఎత్తి మంటలో పోశాను.

సాయంత్రం వచ్చి, “నా పిక్కలేవీ?” అంది.

బూడిద చూపించాను.

“అయ్యో! మూడు వారాలు కడిగి, ఆమ్లంలో నానబెట్టి, ఎండబెట్టాను. గాలి తగలకుండా కాలిస్తే బొగ్గయ్యేవి. మా నాన్న తోళ్ళ తొట్ల నీళ్ళలో క్రోమియాన్ని ఆ బొగ్గు పట్టుకోవాలి!”

“ఇప్పుడేం పట్టుకోవాలి?”

“మీ గొంతు!”

అలా పరిచయమైంది బతూల్. తోళ్ళు తొట్లలో నానబెట్టి పదునుచేసే మేస్త్రీ సీ తయ్యిబ్ కూతురు, కాలేజీలో రసాయనశాస్త్రం. ఆమె చదువు బట్టీ కాదు. నా బతుకే బట్టీ. ఇదంతా జరిగి ముప్ఫై ఏళ్ళయింది. ఇప్పుడు ఇంటింటా గ్యాసు పొయ్యి, నా బట్టీకి తాళం. ఆ పిక్కల పొగవాసన మాత్రం ఏ వాన కురిసినా నా ముక్కుకి తెలుస్తుంది.

అప్పుడు ఆమెకున్న గడువు ఆ నెలాఖరు. ఆలోగా తోటి మేస్త్రీల ముందు నీళ్ళు శుభ్రం చేసి చూపిస్తేనే తండ్రి ఆ పనికి ఒక తొట్టి ఇస్తాడు. లేకపోతే ఆ నీళ్ళు ఎప్పట్లాగే ఏట్లోకి.

మర్నాటినుంచి రొట్టెలు కాల్పించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పాను: “రొట్టెల పలకతో పాటు గుప్పెడు పిక్కలు తేవాలి. లేదా రొట్టె మాడుద్ది!”

వీధి వీధంతా ఆలివ్‌లు తింది.

“ఒరేయ్ థామీ, నీ ప్రేమకి నాకున్న రెండు పళ్ళూ ఊడేలా ఉన్నాయిరా” అంది ఎదురింటి ముసలి లల్లా జొహ్రా.

“ప్రేమేంటి పిన్నీ! పిక్కలు.”

“ఏదైతేనేం, కొరకలేకుండా ఉన్నాను.”

బతూల్ పిక్కలు దంచి, కడిగి తెచ్చేది. నేను రేకుడబ్బాలో పోసి, మూతకి బంకమట్టి మెత్తి, నిప్పుల్లో పెట్టేవాణ్ణి. ఆమె గుమ్మంలో కూర్చునేది. వాన పడితే ఒక జానెడు లోపలికి జరిగేది. ఆ జానెడు కోసం రోజూ ఆకాశం చూసేవాణ్ణి.

“మూత సరిగ్గా పెట్టారా?”

“నా నోటికి తప్ప అన్నిటికీ పెట్టాను.”

నవ్వేది. డబ్బాకంటే ముందు నేను వేడెక్కేవాణ్ణి.

అంతలో వచ్చింది ఐదో రొట్టె.

బట్టీవాడికి తెలియని ఇంటిగుట్టు ఉండదు. పిండిమీద ఇంటికో గుర్తు, పలకమీద ఎన్ని రొట్టెలో ఇంట్లో అంతమంది. తయ్యిబ్ ఇంటి గుర్తు మూడు చుక్కలు, రొట్టెలు నాలుగు. ఆ వారంనుంచి బతూల్ రోజూ ఐదు తేసాగింది. ఐదోదానిమీద చుక్కల్లేవు. అంటే ఇంకా ఇంటివాడు కానివాడెవడో ఆ ఇంట్లో భోంచేస్తున్నాడు. పెళ్ళికొడుకే!

దాన్ని మిగతావాటికంటే ఎర్రగా కాల్చి ఇచ్చాను. పోటీవాడికైనా మాడింది పెట్టడం మా వృత్తిలో లేదు. మాడింది నేను, అదీ మూత లేకుండా.

“ఐదూ ఇచ్చేస్తున్నారే!” అంది.

“ఇంకొకళ్ళ రొట్టె నాకెందుకు?”

రొట్టె పొంగింది గానీ ఆమె ముఖం పొంగలేదు. ఆ తర్వాత పన్నెండు రోజులు ఇద్దరం డబ్బా గురించే మాట్లాడుకున్నాం. వానలో కూడా గుమ్మం బయటే నిలబడేది.

నెలాఖరున తొట్లదగ్గర మేస్త్రీలందరూ చేరారు. బొగ్గు నింపిన గాజుగొట్టంలోకి బతూల్ నీలిపచ్చ నీళ్ళు పోసింది. కింద చుక్క, చుక్క... తేటగా. “రంగు పోతే చాలదు” అంటూ ముందురోజు ఇలాగే వడకట్టిన నీళ్ళకు కాలేజీలో కొలిచిన కాగితం చదివింది. నూటికి తొంభై పాళ్ళు క్రోమియం బొగ్గులోనే చిక్కుకుంది.

తయ్యిబ్ రంగుపట్టిన తన గోళ్ళకేసి చూసుకున్నాడు. “ఈ తొట్టి నీదమ్మా.”

చప్పట్లు మోగాయి. ఖాళీ సంచి భుజానేసుకుని నేను పిక్కబలం చూపించబోయాను.

“ఎక్కడికయ్యా? టీ తాగి వెళ్ళు” అన్నాడు తయ్యిబ్.

“మీ అల్లుడుగారికి పొయ్యండి.”

“ఏ అల్లుడు?”

“ఐదో రొట్టె తింటున్నాయన!”

బతూల్ గాజుగొట్టం పక్కన పెట్టింది. “అది మీకండీ! మీ గుర్తు మీరే వేసుకుంటారని చుక్కలు పెట్టలేదు. రోజూ తిప్పి పంపిస్తుంటే... నేనే అక్కర్లేదేమో అనుకున్నాను.”

నా నోటికి ఆరోజు నిజంగానే మూత పడింది.

“ఏంటి, ఏంటంట?” అని వెనకనుంచి మేస్త్రీలు అరిచారు.

తయ్యిబ్ తొట్టి గట్టెక్కాడు. “ఏం లేదయ్యా! మా అమ్మాయి పన్నెండు రోజులుగా వీడికి రొట్టె పంపుతోంది. వీడేమో మా ఇంట్లో పెళ్ళికొడుకు తింటున్నాడనుకుని తిప్పి పంపాడు. తిన్నది మన తోళ్ళు మోసే గాడిద! రేపట్నించి ఆ రొట్టె వీడిదే. గాడిదకి నేను సర్దిచెప్పుకుంటా.”