అత్తగారి సాక్ష్యం

ఆ ఉదయం తబీతా పెరటి వసారాలో కూర్చుని ఒంటిచేత్తో మజ్జిగ చిలుకుతోంది. పోయిన చలికాలంలో ఎడమ చెయ్యి విరిగి, వంకరగా అతుక్కుంది. వంటింట్లో వదిన లువీనియా మొక్కజొన్న రొట్టెలు కాలుస్తూ, గోడతో చెబుతున్నట్టు తబీతాకి వినపడేలా అంటోంది.

"మొగుడి మీద కోర్టుకెక్కిన ఆడది మన చర్చిలో ఒక్కతైనా ఉందా? ఆదివారం నేను కూర్చున్న బల్ల మీద ఇంకో మనిషి కూర్చోలేదు, తెలుసా?"

"తెలుసు వదినా."

"తెలిస్తే సరిపోయిందా? మీ అన్నయ్య నోరులేని మనిషి కాబట్టి నోరుమూసుకుని భరిస్తున్నాడు."

అన్న ఆస్బరీ నిజంగానే నోరులేని మనిషి. చెల్లెలు విరిగిన చేత్తో గుమ్మంలో నిలబడిన రోజున కూడా ఏమీ అనలేదు. పక్కకి జరిగి దారి ఇచ్చాడు, అంతే. ఆ చెయ్యి విరిచింది ఆమె భర్త లియాండర్. బండి కట్టే కర్రతో కొట్టాడు. అయిదేళ్ళ కూతురు ఓలాని మాత్రం తన దగ్గరే ఉంచేసుకున్నాడు. విడాకులు, భరణం, పిల్ల కావాలని తబీతా దావా వేసింది. ఒక్కటీ ఇచ్చేది లేదని లియాండర్ ఎదురు నిలిచాడు.

రొట్టెలు దించేలోపే లాయరు పెట్టస్ గాడిద మీద వచ్చి దిగాడు. పెట్టిన రొట్టెని తీపిజొన్న పాకంలో ముంచుకుని తింటూ అసలు సంగతి చెప్పాడు.

"చెయ్యి విరిగిందని డాక్టరు చెబుతాడమ్మా, దానికి భయం లేదు. చిక్కల్లా నువ్వు వసంతంలో మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళడంతోనే వచ్చింది."

"పిల్లకి గొంతు పూడుకుపోయే జ్వరం. బతకదని కబురొస్తే వెళ్ళకుండా ఎలా ఉంటాను?"

"తల్లివి, వెళ్తావు. కానీ అతగాడేమంటున్నాడో తెలుసా? కాపురానికే వచ్చింది, నా పక్కలోనే పడుకుంది, మళ్ళీ ఊరికే అలిగి పోయింది అంటున్నాడు. అదే నిజమైతే చెయ్యి విరిచిన తప్పుని నువ్వు క్షమించేసినట్టే లెక్క. మన జార్జియా రాష్ట్రం చట్టం అలాగే చూస్తుంది. ఇక విడాకులూ లేవు, భరణమూ లేదు. పిల్ల ఎలాగూ తండ్రికే."

తబీతా కవ్వం వదిలేసింది. "నేను పిల్ల మంచం పక్కన నేల మీద పడుకున్నాను. మా అత్త నా పక్కనే ఉంది. ఆవిడకి తెలుసు."

"అయితే ఆ ఒక్క మాటా ఆవిడ చేత చెప్పించు. నీ మాటకి నువ్వే సాక్షివంటే జూరీలో ఉన్న పన్నెండు మంది మగవాళ్ళు నమ్మరు."

"కొడుకు కొంప ముంచే మాట తల్లి చెబుతుందటండీ!" అని లోపల్నించి లువీనియా నవ్వింది.

శనివారం తబీతా అత్తవారింటి దగ్గరున్న వాగుకి వెళ్ళింది. అత్త కెజీయా ఒడ్డున నల్లటి కాగులో బట్టలు ఉడకబెడుతోంది. కోడల్ని చూడగానే చుట్టూ చూసింది.

"ఆ చెట్ల వెనకే నిలబడు. వాడు చూశాడంటే నా పని అయిపోతుంది."

"పిల్లెలా ఉందత్తా?"

"తింటోంది. జుట్టు దువ్వబోతే కొరుకుతోంది. అచ్చం నువ్వే."

తబీతాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వచ్చిన పని చెప్పింది. కెజీయా కర్రతో బట్టలు తిప్పుతూనే ఉంది.

"నీకు ఆస్బరీ ఉన్నాడమ్మా. నాకెవరున్నారు? మీ మామ యుద్ధానికి పోయి మట్టిలో కలిశాడు. ఇల్లూ పొలమూ వాడివి. నేను తినే రొట్టె కూడా వాడిదే."

"అబద్ధం చెప్పమన్నానా? చూసింది చెప్పు, చాలు."

"చూసింది చెప్పడమేనే కష్టం!"

"నా చేతికి చెక్కలు పెట్టి కట్టింది నువ్వు కాదా? నీ గౌను చింపి మరీ కట్టావు. ఆ రోజు నువ్వు ఏడవలేదా అత్తా?"

కెజీయా కాగు కింద పుల్ల ఎగదోసి "చూద్దాంలే" అంది. ఆ ఒక్క మాటని పట్టుకునే తబీతా కోర్టు రోజు దాకా గడిపింది.

ఊరూరా తిరిగి తీర్పులిచ్చే జడ్జి వచ్చిన రోజున కోర్టు హాలు పొగాకు నములుతున్న మగవాళ్ళతో నిండిపోయింది. లియాండర్ ఉతికిన చొక్కా వేసుకుని మెత్తగా మాట్లాడాడు. "నా భార్య ఇప్పుడొచ్చినా తలుపు తీసే ఉంది" అని కళ్ళు కూడా తుడుచుకున్నాడు. తర్వాత కెజీయా బైబిలు మీద చెయ్యి పెట్టి బోనులో నిలబడింది.

"పిల్ల జబ్బు రోజుల్లో మీ కోడలు రాత్రిళ్ళు ఎక్కడ పడుకునేది?" అని పెట్టస్ అడిగాడు.

కెజీయా కొడుకు వైపు చూసింది. అతను తలెత్తలేదు, టోపీ అంచు సవరించుకుంటున్నాడు.

"నాకు తెలీదు బాబూ. ముసలిదాన్ని. దీపం ఆర్పగానే నిద్రపోయేదాన్ని."

తబీతా లేచి నిలబడింది. "అత్తా! పిల్లకి ఊపిరాడకపోతే చెరోవైపు కూర్చుని తెల్లవార్లూ ఒళ్ళు తుడిచామే! నిద్రపోయావా నువ్వు?"

జడ్జి బల్ల మీద కొట్టాడు. పెట్టస్ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టాడు. జూరీ లోపలికి వెళ్ళినట్టే వెళ్ళి తిరిగొచ్చింది. తబీతా ఓడిపోయింది. చట్టం దృష్టిలో ఆమె ఇంకా లియాండర్ భార్యే.

మెట్ల దగ్గర లియాండర్ ఆమెకి మాత్రమే వినిపించేలా అన్నాడు. "బండిలో చోటుంది. భరణం కావాలన్నావుగా, ఇంటికొచ్చి తిను."

పక్కనున్న ఆస్బరీ పిడికిలి బిగించి, మళ్ళీ వదిలేశాడు. చెయ్యగలిగింది ఏముంది?

పత్తి ఏరే రోజులు వచ్చాయి. తబీతా అన్న పొలంలో ఒంటిచేత్తో ఏరుతూ, ఎవరైనా పలకరిస్తే తలాడించి ఊరుకునేది. ఒక ఆదివారం అందరూ చర్చికి పోయాక పెరటి తలుపు చప్పుడైంది. తీసేసరికి ఓలా వచ్చి ఆమె మోకాళ్ళని చుట్టేసుకుంది. వెనకాల కెజీయా, చెప్పుల నిండా ఎర్రమన్నుతో నిలబడి ఉంది.

"వాడు కంచరగాడిద కొనడానికి పక్క కౌంటీకి పోయాడు. సాయంత్రానికల్లా వెనక్కి పోవాలి మేము."

తబీతా కూతుర్ని గుండెలకి అదుముకుని అత్తని చూసింది. "ఏ మొహం పెట్టుకుని వచ్చావు?"

"ఉన్న మొహమే పెట్టుకుని వచ్చాను. తిట్టు, పడతాను."

"దేవుడి పుస్తకం మీద చెయ్యి పెట్టి అబద్ధమాడావు!"

"ఆడాను." కెజీయా మెట్టు మీద కూలబడింది. "ముందు రోజు నా మంచం తీసుకెళ్ళి వసారాలో పడేశాడు. రేపు నువ్వు చెప్పే మాటని బట్టి ఇది లోపలికి వస్తుంది అన్నాడు. ఈ వయసులో ఎక్కడికి పోనే? నీ చెయ్యి విరిగింది, ఊరంతా చూసింది. వాడి నాన్న నన్నేం చేసేవాడో ఎవడు చూశాడు? నాకు మాత్రం ఎవరు సాక్ష్యం చెప్పారు?"

తబీతా పిల్లని చంకనెత్తుకుంది. ఇన్నాళ్ళూ ఈ ముసలామె తలుచుకుంటే తనని ఒడ్డెక్కించేదని నమ్మింది. ఆమె కూడా అదే నీళ్ళలో మునుగుతోందని ఇప్పుడే తెలిసింది. ఆ అబద్ధం చిన్నదైపోలేదు. కానీ ఆమె మీద కోపం మాత్రం నిలవలేదు.

"పిల్లని పంపనంటే?" అంది చివరికి.

"షెరీఫు వస్తాడు. ఆ తర్వాత వాడు పిల్లని వాకిలి దాటనివ్వడు."

చర్చి నుంచి బండి వచ్చింది. లువీనియా గుమ్మంలో ఆగి మెట్టు మీద ఉన్న కెజీయానీ, తల్లి మెడ వదలని ఓలానీ చూసింది. తబీతా తిట్లకి సిద్ధపడింది. లువీనియా టోపీ విప్పి మేకుకి తగిలించింది.

"అంత దూరం ముసలిదాన్నీ పసిదాన్నీ ఎండలో నడిపించిన దేవుడికి బుద్ధి లేదు. లేవండి, కంచాలు పెడతాను."

సాయంత్రం ఎవరూ చెప్పకుండానే ఆస్బరీ బండి కట్టాడు. వాళ్ళ ఇంటి మలుపు దాకా దింపి వస్తానని మాత్రం అన్నాడు. ఓలా ఏడుస్తూ రానంది. తబీతానే కూతురి వేళ్ళని ఒక్కొక్కటే తన మెడ నుంచి విడదీసి, పిల్లని బండిలో కూర్చున్న అత్త ఒళ్ళో పెట్టింది.

"వాడు ఊరికి పోయినప్పుడల్లా తెస్తాను" అంది కెజీయా. "తెలిస్తే తెలవనీ."

"జాగ్రత్త అత్తా."

"ఇంకా అత్తా అంటున్నావే!" అని కెజీయా భుజం మీది పాత శాలువాతో మొహం కప్పుకుంది.

బండి కదిలింది. పిల్ల ఏడుపు వినిపించినంతసేపూ తబీతా కదల్లేదు. తర్వాత కంచె పట్టుకుని, కోర్టులో రాని ఏడుపంతా ఏడ్చింది. లువీనియా వచ్చి పక్కన నిలబడింది. ఈసారి ఆమె కూడా ఏమీ అనలేదు.