నిశ్శబ్దం గిట్టని గది

ఆ రేడియో భవనంలో రెండో అంతస్తు చివరనున్న అనౌన్సరు గదికి మంచి పేరు లేదు. పగటిపూట నలుగురిలో ఎవరూ ఒప్పుకోరు గానీ, చీకటి పడ్డాక ఒంటరిగా అందులోకి వెళ్ళమంటే ఎంతటి మొనగాడికైనా ఉన్నట్టుండి ఇంటి దగ్గర పని గుర్తొస్తుంది.

అలాగని అక్కడ ఎవరూ కనబడరు. విరబోసుకున్న జుట్టూ, వెనక్కి తిరిగిన పాదాలూ... అలాంటివేం లేవు. ఉన్నదల్లా ఒక్కటే పట్టింపు. ఆ గదిలో నిశ్శబ్దం పడకూడదు.

అందుకే అక్కడ బల్లమీద చిన్న ట్రాన్సిస్టరొకటి ఎప్పుడూ గొణుగుతూ ఉంటుంది. ఊడ్చే ఆవిడ కూనిరాగం తీస్తూనే ఊడుస్తుంది. రాత్రి డ్యూటీ వాళ్ళయితే మైకు మూసి ఉన్నంతసేపూ తమలో తాము మాట్లాడుకుంటూనే ఉంటారు. కొత్తగా చేరినవాళ్ళకి అదంతా పిచ్చిలా కనిపిస్తుంది. నెల తిరక్కుండా వాళ్ళూ మొదలుపెడతారు.

వెనకటికి అక్కడ ఒక అనౌన్సరు ఉండేవాడట. అందరూ పెద్దగొంతాయన అనేవాళ్ళు. రేడియోలో ఖాళీ వచ్చిందంటే ఆయనకి ప్రాణం మీదకొచ్చినట్టే. రికార్డు కాస్త ఆలస్యమైతే చాలు, గబుక్కున మైకు తెరిచి ఏదో ఒకటి చెప్పేసేవాడు. ఒక రాత్రి అలాగే మాట్లాడుతూ మాట్లాడుతూ, వాక్యం మధ్యలో బల్లమీదకి ఒరిగిపోయాడు.

అప్పట్నించీ... ఆ గదిలో చప్పుడు ఆగితే, మైకు ముందు ఎవరో ఊపిరి తీసుకుంటారట. మాట్లాడబోయే ముందు తీసుకుంటామే - అలా.

నేను వినలేదు. విన్నావిడ చెప్పగా విన్నవాళ్ళు నాకు చెప్పారు. చెబుతున్నంతసేపూ వాళ్ళింట్లో రేడియో మోగుతూనే ఉంది.

ఆ విన్నావిడని స్టేషన్లో అందరూ కొత్తమ్మ అంటారు. చేరి ఇరవయ్యేళ్ళయింది, తలలో తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నాయి, అయినా కొత్తమ్మే. ఎందుకంటే ఆవిడ నడిపే కార్యక్రమం కొత్త సంగీతం. అంటే సినిమా పాటలు కాదు. ఇప్పుడు బతికున్నవాళ్ళు, పాత బాణీల జోలికి పోకుండా, వయొలిన్లకీ పియానోలకీ కొత్తగా రాస్తున్న శాస్త్రీయ సంగీతం. దాని గురించి స్టేషనుకి వచ్చే ఫోన్లన్నీ ఒక్క తీరుగానే ఉండేవి. వంటింట్లో గిన్నెలు పడ్డాయేమోనని లేచి చూశామండీ అని.

"అమ్మా, మీ కార్యక్రమానికి శ్రోతలు ఇద్దరే. రాసినాయన ఒకరు, వేసిన మీరు ఒకరు" అనేవాడు డైరెక్టరు. ఆయన ఆ కార్యక్రమం ఒక్కనాడూ పూర్తిగా విని ఎరగడు.

కొత్తమ్మ పట్టు వదల్లేదు. ఏడాదికోసారి చాలా దేశాల రేడియోలు కలిసి ఒక పండగలాంటిది జరుపుకుంటాయి. ఒక్కో రాత్రి ఒక్కో దేశం తనవాళ్ళు రాసిన కొత్త రచన ఒకటి వాయిస్తుంది, మిగతా దేశాలన్నీ దాన్ని అప్పటికప్పుడే ప్రసారం చేస్తాయి. ఏ మూలనో అద్దె గదిలో కూర్చుని రాసుకున్నవాడి సంగీతం ఒక్క రాత్రిలో సముద్రాలు దాటిపోతుంది. అందులో తమ స్టేషనుకి చోటు సంపాదించడానికి కొత్తమ్మ కాళ్ళరిగేలా తిరిగింది. చివరికి సాధించింది.

ఎంపికైన రచన ఎవరిదో తెలుసా? ఆవిడ పిన్నిది. ఇందులో బంధుప్రీతి ఏం లేదు. పేర్లు మూసిపెట్టి, పరాయి దేశపు పెద్దలే కాగితాలు చదివి ఎంచారు.

కొత్తమ్మకి ఊహ తెలియకముందే తల్లి పోతే, ఆ పిన్నే పెంచింది. పెళ్ళీ గిళ్ళీ అనుకోకుండా, పగలు పిల్లలకి పియానో పాఠాలు చెబుతూ, రాత్రిళ్ళు పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని రాసుకునేది. రెండు బీరువాలు నిండాయి. ఒక్క ముక్క కూడా ఎవరూ వాయించలేదు.

"ఈ ఏడు కాకపోతే ఇక వద్దులేవే" అందావిడ. "ఎడమ చెవి పోయింది. కుడిది కూడా దారి చూసుకుంటోంది. రేడియోలో నా సంగీతం ఒక్కసారి విననీ."

అంతా బాగానే ఉంది గానీ, ఆ రచన నట్టనడుమ ఒక నిశ్శబ్దం ఉంది. చిన్నదేం కాదు. వాయించేవాళ్ళు వయొలిన్ కమానులు ఎత్తి పట్టుకుని, కదలకుండా కూర్చోవాలి. వినేవాళ్ళు రేడియో పాడైందేమో అనుకునేంత సేపు.

"దాన్ని కోసెయ్యండి" అన్నాడు డైరెక్టరు. "లేదా ఆ చోట ఏదైనా వాద్యం పెట్టించండి."

కొత్తమ్మ ఆ మాట ఇంటికెళ్ళి భయపడుతూనే చెప్పింది.

"ఆ నిశ్శబ్దం కోసమేనే ముందూ వెనకా అంత సంగీతం రాశాను" అంది పిన్ని. "అందులో చీమ చిటుక్కుమన్నా నా రచన కాదు. అప్పుడు వెయ్యొద్దు."

ఇంకో చిక్కు. స్టేషన్లో ఒక యంత్రం ఉంది. ప్రసారంలో కాసేపు చప్పుడు లేకపోతే, ఏదో చెడిందనుకుని తనంతట తానే ఒక హుషారైన బాండు రికార్డు వేసేస్తుంది. అది రాకుండా ఉండాలంటే, నిశ్శబ్దం నడిచినంతసేపూ ఒక మీట నొక్కి పట్టుకోవాలి. ఆ మీట ఉన్నది ఆ గదిలోనే. మొదటా చివరా ప్రకటనలు చదవాల్సిన మైకు ఉన్నదీ ఆ గదిలోనే. మైకు తెరిచే చోట ట్రాన్సిస్టరు మోగకూడదు.

ఇంజనీరు కింద హాల్లో వాయిద్యగాళ్ళతో ఉండాలి. "ఉండక్కర్లేకపోయినా నేను రాను మేడమ్" అన్నాడతను ఉన్నమాట. "ఆ గదిలో నిశ్శబ్దమా? బాబోయ్..."

"ఈ రాత్రి ఏ తేడా వచ్చినా, మీ కొత్త సంగీతానికి ఇదే ఆఖరు" అని చెప్పి డైరెక్టరు ఇంటికెళ్ళి పడుకున్నాడు.

కొత్తమ్మ ఒక్కతే ఆ గదిలోకి వెళ్ళింది. ట్రాన్సిస్టరు ఆపేసింది. మొదటి ప్రకటన తనే చదివి, మైకు మీట కిందికి దించి, లేచి బల్లకి ఇవతల యంత్రం మీట దగ్గర కూర్చుంది. ఎర్ర దీపం ఆరింది.

గోడకున్న స్పీకరులో సంగీతం మొదలైంది. వయొలిన్లు, వాటి వెనక పియానో, అన్నిటికీ అడుగున పెద్ద వయొలిన్ లాంటి చెల్లో. ఇంత అందంగా ఉంటుందని, కాగితాల మీద వందసార్లు చదువుకున్న ఆవిడే అనుకోలేదు. కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంటి దగ్గర కుడి చెవి రేడియోకి ఆనించి కూర్చున్న పిన్ని గుర్తొచ్చింది.

ఒక్కో వాద్యం తప్పుకుంది. చెల్లో ఒక్కటే మిగిలింది. అదీ సన్నబడి, సన్నబడి... ఆగింది.

కొత్తమ్మ యంత్రం మీట నొక్కి పట్టింది.

నిశ్శబ్దం.

ఆ గది గోడలకి మెత్తలు అతికించి ఉంటాయి. తన గుండె చప్పుడు తనకే పెద్దగా వినబడుతోంది. ఊపిరి బిగబట్టింది... ఇంకాసేపు... ఇంకొక్క కాసేపు...

ఎవరో ఊపిరి తీసుకున్నారు.

తను కాదు. తను బిగబట్టుకునే ఉంది.

ఎదురుగా మైకు ముందున్న ఖాళీ కుర్చీ కిర్రుమంది. మనిషి ముందుకి వంగితే కిర్రుమంటుందే - అలా. మైకు మీట మెల్లగా... తనంతట తానే... పైకి జరగడం మొదలుపెట్టింది.

కొత్తమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. ఖాళీగా ఉన్న చేత్తో దాన్ని కిందికి లాగబోయింది. కదల్లేదు. మీట మంచులా ఉంది. దాని మీద ఇంకో చెయ్యి ఉన్నట్టే ఉంది.

అది ఇంకొంచెం జరిగితే ఎర్ర దీపం వెలుగుతుంది. వెలిగితే ఆ గొంతు అన్ని దేశాలకీ వెళ్ళిపోతుంది. పిన్ని నిశ్శబ్దం నడుమ. పిన్ని ఒకే ఒక్క చెవిలో.

అరవడానికి లేదు. వద్దనడానికి లేదు. పారిపోవడానికి లేదు, చెయ్యి యంత్రం మీట మీదుంది. అప్పుడావిడ ఏం చేస్తోందో ఆవిడకే తెలీదు. ఇరవయ్యేళ్ళ అలవాటు కొద్దీ రెండో చెయ్యి మైకు మీట వదిలి పైకి లేచింది. అరచెయ్యి ఆ కుర్చీకి చూపించింది.

ఆగండి... అని.

రేడియోలో ఆ సైగకి తిరుగులేదు. వచ్చినవాడు విద్వాంసుడైనా, మంత్రయినా, ఎదురుగా అరచెయ్యి లేచిందంటే నోరు మూసుకుని కూర్చోవాల్సిందే.

మీట ఆగిపోయింది.

ఎర్ర దీపం వెలగలేదు. కుర్చీ కిర్రుమనలేదు. ఎదురుగా ఎవరో కళ్ళప్పగించి తన చెయ్యినే చూస్తున్నారని మాత్రం ఆవిడకి ఒళ్ళంతా తెలుస్తోంది. చెయ్యి లాగేస్తోంది. దించలేదు.

చెల్లో మళ్ళీ అందుకుంది. నిశ్శబ్దం చెక్కుచెదరకుండా దాటింది. ఆ తర్వాత ఎంతసేపు వాయించారో, ఏం వాయించారో కొత్తమ్మకి గుర్తు లేదు. రచన ముగిసింది. అరచెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

ఇక చివరి ప్రకటన. అది చదవాల్సింది తను. నోరు పిడచకట్టుకుపోయింది. పెదవులు ఆడుతున్నాయి, గొంతు పెగలట్లేదు. కింద ఇంజనీరు కానివ్వండన్నట్టు గంట నొక్కుతున్నాడు. దేశాలన్నీ ఎదురుచూస్తున్నాయి.

ఆపినవాళ్ళే కానివ్వమనాలి. అదీ ఆ పనిలో ఉన్న మర్యాదే. కొత్తమ్మ చెయ్యి దించి, చూపుడువేలు ఆ ఖాళీ కుర్చీ వైపు చాపింది.

మైకు మీట ఒక్కసారిగా పైకి లేచింది. ఎర్ర దీపం వెలిగింది.

గదిలో ఏమీ వినబడలేదు. చిన్న గుసగుస కూడా. కానీ బల్లమీద గొంతు ఎంత వెళుతోందో చూపించే ముల్లు ఉంటుంది - అది కదులుతోంది! లేస్తోంది, పడుతోంది, వాక్యం దగ్గర ఆగుతోంది, మళ్ళీ లేస్తోంది. అచ్చం మనిషి మాట్లాడినట్టే. మైకు తెరిచి ఉన్నంతసేపూ స్పీకరు మూగబోతుంది. ఏమంటున్నాడో వినాలంటే పక్కనే హెడ్‌ఫోన్లున్నాయి. వాటిని ముట్టుకునే ధైర్యం కొత్తమ్మకి లేకపోయింది. ముల్లునే చూస్తూ కూర్చుంది. మామూలు ప్రకటనకి పట్టే దానికన్నా చాలాసేపు ఆడింది. చివరికి అడుక్కి పడిపోయింది.

ఎర్ర దీపం ఆరింది.

కింద హాల్లో ఇంజనీరు మొహం వెలిగిపోతోంది. "ఎవర్ని పట్టుకొచ్చారు మేడమ్? ఏం గొంతండీ బాబూ!"

"ఏం... ఏం చెప్పాడు?"

"తీగలు చుట్టుకుంటున్నానండీ, మాటలు పట్టించుకోలేదు. పిన్నిగారి పేరు చెప్పాడు. తర్వాత ఏదో, రాబోయే కార్యక్రమమని..."

పిన్నికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. సంతోషంలో నిద్రపట్టేసి ఉంటుంది, ఆ చెవితో ఏం వినబడుతుందిలే అని కొత్తమ్మ తనకి తనే చెప్పుకుంది.

ఆ వేళప్పుడు బండి దొరక్క రాత్రంతా కింద హాల్లోనే గడిపింది. తెల్లారేసరికి డైరెక్టరే పిలిచాడు. ఆయన అలా నవ్వగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"కూర్చోండమ్మా, కూర్చోండి! పొద్దుట్నించీ ఫోన్లే ఫోన్లు. అన్ని దేశాలవాళ్ళూ మీ పిన్నిగారి సంగీతం కావాలంటున్నారు. ఆ నిశ్శబ్దం అద్భుతమట. తర్వాతి రచన కూడా మాకే ఇవ్వాలని ఒకళ్ళ మీద ఒకళ్ళు పోటీ!"

"తర్వాతి రచనా?"

"అదేంటమ్మా, మీవాడు చెప్పాడటగా? వచ్చే ఏడాది ఇదే రాత్రి, ఇదే స్వరకర్త కొత్త రచన అని. మన భాషలోనూ, వాళ్ళకర్థమయ్యే భాషలోనూ. నాకొక్క మాట ముందు చెప్పొద్దూ?" ఆయన గొంతు తగ్గించాడు. "పాపం, అందరూ సానుభూతి కూడా చెప్పమన్నారు. నాకు విషయం తెలీదు, ఏమీ అనుకోకండి. వచ్చే ఏడాది వేసే ఆ రచన దివంగతురాలైన అక్క కూతురి స్మృతికి అంకితం అన్నాడట. మీ పిన్నిగారికి అక్క కూతుళ్ళు ఎంతమంది?"

"నేనొక్కదాన్నే" అంది కొత్తమ్మ.

ఇంటికి ఎలా వెళ్ళిందో తెలీదు. పిన్ని బల్ల దగ్గర కూర్చుని ఉంది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. పియానో మూత వేసి తాళం పెట్టి ఉంది. బీరువాలకి కూడా తాళాలే. బల్లమీద ఎప్పుడూ ఉండే గీతల కాగితాలు, పెన్సిళ్ళు ఒక్కటీ లేవు.

"విన్నావా పిన్నీ?"

"ప్రతి అక్షరం విన్నాను. ఆ గొంతు నాకెందుకు తెలీదు? చిన్నప్పుడు ఆ గొంతుకే కదా మేమంతా నిద్రలేచేది." పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. "వస్తుందని ఆయన చెప్పిన కార్యక్రమం రాకపోవడం నేనెరగను తల్లీ."

కొత్తమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, ఆ స్థితిలో కూడా, "నీ సంగీతం దేశాలన్నీ అడుగుతున్నాయి పిన్నీ" అంది.

"అడగనీ! తలకిందులుగా తపస్సు చేసినా ఇవ్వను. నేను రాస్తేనేగా వచ్చేది? తాళంచెవులు కాలవలో పడేశాను. ఇక ఈ జన్మలో ఒక్క స్వరం రాయను. నీ మీద ఒట్టు."

ఆ మాటతో కొత్తమ్మకి కాస్త ప్రాణం కుదుటపడింది. కళ్ళు తుడుచుకుని, పిన్ని భుజం మీద తల వాల్చింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

టిక్... టిక్... టిక్ టిక్...

తలెత్తి చూసింది. పిన్ని కిటికీలోంచి ఎటో చూస్తోంది. ఆవిడ కుడిచెయ్యి మాత్రం బల్లమీద ఉంది. ఐదు వేళ్ళూ, ఆవిడకి తెలియకుండానే, చెక్క మీద ఏదో వాయిస్తున్నాయి. ఆగుతున్నాయి. కొంచెం మార్చి, మళ్ళీ మొదటినించీ వాయిస్తున్నాయి.

పిన్ని రాసినవన్నీ కొత్తమ్మకి కంఠతా వచ్చు. ఇది వాటిల్లో లేదు.