చిహేరా పళ్లు

నూట యాభై ఏళ్ల నాటి పుస్తకంలో మెలికల కొమ్ముల జంతువు బొమ్మ కింద నేను ‘ఈలండ్’ అని, ఒక పెద్ద జింక పేరు టైపు చేశాను. పది నిమిషాల్లో ఎవరో దాన్ని కొట్టేసి ‘కుడూ’ అని, ఇంకో జింక పేరు రాశారు. పక్కనే ఒక వ్యాఖ్య: “సొంత గోత్రం జంతువునే గుర్తుపట్టలేవా?”

మా ఊరు ముతారేలో లైబ్రరీ పాత జంతుశాస్త్ర పుస్తకాలను ఆన్‌లైన్‌లో పెడుతోంది. బొమ్మలకు పేర్లు చేర్చే వాలంటీర్లలో నేనొకణ్ణి. నా లాగిన్ ముసేయంవ, ఈలండ్ గోత్రం మగవాళ్లను పిలిచే పేరు. నన్ను దిద్దినావిడ లాగిన్ చిహేరా. అది అదే గోత్రం ఆడపిల్లల పేరు. అంటే నాకు చెల్లెలి వరస.

ఆ వరసే నా కొంప ముంచింది. మూడు నెలలు పునుగుపిల్లి మీదా, గుడ్లగూబ మీదా పోట్లాడుకున్నాం. ఆమె దిద్దడానికి వస్తుందని కావాలనే తప్పులు రాసేవాణ్ణి. ఒకే గోత్రం వాళ్లకు పెళ్లి మాటే ఉండదు కాబట్టి, మనసు గీత దాటినప్పుడల్లా ఆమెకు ‘చెల్లీ’ అని టైపు చేసి పంపేవాణ్ణి.

శనివారం వాలంటీర్లందరినీ లైబ్రరీకి పిలిచారు. ఆమె పేరు న్యారాద్జో. నవ్వితే బుగ్గ మీద సొట్ట. నేను పలకరించగానే మొహం ముడుచుకుంది. చెల్లీ అన్నాను మరి.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. వరండాలో నా పక్కనే కూర్చుని సంచీలోంచి ఎండుమాంసం పొట్లం తీసింది. ఏం మాంసమని అడిగాను.

“ఈలండ్,” అంది.

గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను. “పిచ్చా నీకు? పళ్లు రాలిపోతాయి.”

సొంత గోత్రం జంతువును తింటే అంతేనని మా అమ్మమ్మలందరూ చెప్పేవాళ్లు. న్యారాద్జో నా కళ్లలోకి చూస్తూ రెండో చేత్తో ముక్క నోట్లో వేసుకుని, తీరిగ్గా నమిలి మింగింది. తర్వాత పళ్లన్నీ కనిపించేలా నవ్వింది.

“లెక్కపెట్టుకో. మాది సింహం గోత్రం. ఇక్కడ నోరున్న పిల్లనల్లా చిహేరా అని ఏడిపిస్తారుగా, నేనూ అదే పెట్టుకున్నా. నువ్వేమో చెల్లీ చెల్లీ అని ప్రాణం తీస్తున్నావ్. అందుకే పొద్దున్నే బజారుకెళ్లి ఇది కొనుక్కొచ్చా.”

ఆ కుడూ సంగతి నాకు ముందే తెలుసని మాత్రం అనగలిగాను.

“అబద్ధం. మొదటిది నిజంగానే తప్పు. తర్వాతవి నా కోసం,” అంది. “చెయ్యి వదులు, ఇంకో ముక్క ఉంది.”

నేను వదల్లేదు.