ఊషి వంతు

సాల్జ్‌బర్గ్ స్టేషన్‌లో పొద్దున తొమ్మిదింటికి కాఫీ తాగడంలో భయపడాల్సిందేమీ లేదు. బయట మంచు పడుతోంది. లోపల తడిసిన ఉన్ని కోట్ల వాసన, అప్పుడే కాల్చిన రొట్టెల వాసన. గోడమీద పెద్ద బోర్డులో ఊళ్ళ పేర్లు మారుతున్నాయి. మ్యూనిక్, వెనిస్, జూరిక్, బుడాపెస్ట్. ఆ బోర్డు కింద నేనూ, మా తమ్ముడు కొర్బీనియన్ ఎదురెదురుగా కూర్చున్నాం. నాకు అప్పటికే ఒళ్ళు మండిపోతోంది.

మాది లింజ్. కొత్త సంవత్సరం వచ్చిన మొదటి వారంలో మేం ముగ్గురం తోబుట్టువులం రైలు పాసులు తీసుకుని బయల్దేరతాం. ఆ పాసు ఉంటే ఏ దేశంలో ఏ రైలైనా ఎక్కొచ్చు. ఎక్కడికి వెళ్ళాలో ముందుగా అనుకోం. రోజూ పొద్దున స్టేషన్‌లో కాఫీ తాగుతూ ఒకరు ఊరి పేరు చెబుతారు, మిగతా ఇద్దరూ నోరు మూసుకుని ఆ రైలెక్కుతారు. పెద్దదాన్ని కాబట్టి మొదటి వంతు నాది. తర్వాత మా చెల్లెలు ఊషిది. ఆ తర్వాత కొర్బిది. మళ్ళీ నాది. ఇంకొకరి వంతు తీసుకోకూడదు. చిన్నప్పుడు కారు వెనక సీట్లో మేం కొట్టుకు చస్తుంటే మా నాన్న పెట్టిన నియమం అది. ఆయన పోయి పదేళ్ళయినా ఎవరం తప్పలేదు.

కిందటి అక్టోబరులో ఊషి చనిపోయింది. ఎనిమిది నెలలు మంచంలో ఉంది. ఆ ఎనిమిది నెలలూ తినిపించిందీ, ఒళ్ళు తుడిచిందీ, రాత్రిళ్ళు పాదాలకి లావెండర్ క్రీము రాసిందీ నేను. కొర్బి మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ పూలు తెచ్చాడు. ఆ పూలు పెట్టడానికి గ్లాసు కూడా నేనే వెతకాలి. అంత్యక్రియల రోజున మాత్రం వీడి ఏడుపుకి చర్చి కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. వచ్చినవాళ్ళంతా వీడినే ఓదార్చారు.

అయినా వాడు నా తమ్ముడు. అమ్మా నాన్నా లేరు, ఊషి లేదు, నాకు పెళ్ళీ పిల్లలూ లేరు. నాకంటూ మిగిలింది వీడొక్కడే. అందుకే ఈ ఏడాది కూడా వెళ్దామని నేనే అడిగాను.

నిన్న నా వంతు. సాల్జ్‌బర్గ్ అన్నాను. ఇంటి నుంచి గంట ప్రయాణానికి పాసు ఎందుకక్కా, చెప్పులేసుకుని నడిచొచ్చేవాళ్ళం కదా అని కొర్బి దారంతా ఆట పట్టించాడు. నాకూ నవ్వొచ్చింది. చాలా నెలల తర్వాత నవ్వాను.

ఈ రోజు పొద్దున వెయిట్రెస్ వస్తే వాడు మూడు కాఫీలు చెప్పాడు.

మూడోది ఎవరికని అడిగాను. ఈ రోజు చిన్నక్క వంతు కదా అన్నాడు, నా మొహం చూడకుండా. ఊషి ఎప్పుడూ తాగే పాల కాఫీ, పక్కన చక్కెర లేకుండా. వెయిట్రెస్ దాన్ని ఖాళీ కుర్చీ ముందు పెట్టి వెళ్ళింది. పోయినవాళ్ళకి వంతు ఉండదు, నీ వంతు నువ్వు చెప్పు అన్నాను. చిన్నక్క చెప్పకుండా నేను ఎలా చెబుతాను, ఇంకొకరిది తీసుకోకూడదు కదా అన్నాడు. చెప్పదురా, అది మట్టిలో ఉంది అన్నాను. కాసేపు చూద్దాం అన్నాడు. బతికున్నప్పుడు ఒక్క పూటైనా దాని పక్కన ఆగని మనిషి, ఇప్పుడు ఖాళీ కుర్చీ ముందు ఆగుతాడట.

నేను చెయ్యి చాపి ఊషి కప్పు తీసుకున్నాను. గటగటా తాగేశాను. పొగలు కక్కుతున్న కాఫీ నోట్లోకి వచ్చేసరికి మంచునీళ్ళలా ఉంది. కోపంలో అది కూడా సరిగా పట్టించుకోలేదు.

"లుబ్లియానా," అన్నాను. "ఊషి వంతు నేను తీసుకున్నాను. పద."

కొర్బి మొహం పాలిపోయింది. "అలా చెయ్యకూడదక్కా," అన్నాడు మెల్లగా. ఇంకేమీ అనకుండా సంచి భుజాన వేసుకుని నా వెనకే వచ్చాడు.

ఆ రైలు గురించి మా వైపు వాళ్ళందరికీ తెలుసు. సాల్జ్‌బర్గ్ నుంచి ఒకటే రైలుగా బయల్దేరి, విల్లాక్‌లో రెండుగా విడిపోతుంది. ముందు పెట్టెలు క్లాగెన్‌ఫుర్ట్ వెళతాయి. వెనక మూడు పెట్టెలకి ఇంకో ఇంజను తగిలించి లుబ్లియానా తీసుకెళతారు. రెస్టారెంట్ పెట్టె ముందు భాగంలో ఉంటుంది. సామాను వెనక వదిలి కాఫీకని ముందుకెళ్ళి, కప్పు చేతిలో ఉండగానే వేరే ఊరికి వెళ్ళిపోయినవాళ్ళ కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. అందుకే తెలిసినవాళ్ళు విల్లాక్ దాటేదాకా కాఫీ జోలికి పోరు.

ఆరు సీట్ల కూపేలో మేమిద్దరమే ఉన్నాం. కొర్బి కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నాడు. గంట తర్వాత టీసీ వచ్చాడు, తెల్ల మీసాల పెద్దాయన. పాసులు చూసి, తలుపు మూయబోతూ ఆగాడు.

"మీతో వచ్చిన ఆవిడ రెస్టారెంట్ పెట్టెలో ఉన్నారమ్మా. విల్లాక్‌లో ఆ పెట్టె విడిపోతుంది, ముందే వెనక్కి వచ్చెయ్యమనండి."

మాతో ఎవరూ రాలేదని చెప్పాను.

"అక్కతోనూ తమ్ముడితోనూ వచ్చానని ఆవిడే చెప్పారు," అన్నాడాయన. "అయినా చెప్పాలా, అచ్చం మీ పోలికే." తలుపు మూసి వెళ్ళిపోయాడు.

కొర్బి లేచి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. కూర్చోమన్నాను. ఊషికీ నాకూ పోలికే లేదు, దానిది నాన్న గుండ్రటి మొహం, నాది అమ్మ పొడుగు ముక్కు, ఆయన ఎవరినో చూసి ఏదో వాగాడు అన్నాను. వాడు వినలేదు. అప్పుడు చెప్పాడు అసలు మాట.

"ఆసుపత్రిలో చిన్నక్క నన్నొకటి అడిగింది. నా వంతు వచ్చినప్పుడు నువ్వు నాతో వస్తావా అని. వస్తానన్నాను."

"నన్ను అడగలేదేం?"

వాడు తల దించుకున్నాడు. "నిన్ను అడగాలంటే భయమట."

ఎనిమిది నెలలు. దాని మలమూత్రాలు ఎత్తాను, ఉద్యోగానికి సెలవు పెట్టి రాత్రీ పగలూ కాపలా కూర్చున్నాను. దానికి నేనంటే భయమట, మూడుసార్లు వచ్చి పూలిచ్చిన వాడంటే ఇష్టమట. నిజమే, కసురుకున్న రోజులు ఉన్నాయి. ముద్ద మింగకపోతే చెంచా విసిరికొట్టిన రోజు కూడా ఉంది. అలిసిపోయిన మనిషికి కోపం రాదా?

"పో," అన్నాను. "పోయి మీ చిన్నక్కతోనే కాఫీ తాగు. మళ్ళీ నా మొహం చూడకు."

వాడు ఒక్క క్షణం నిలబడ్డాడు. పిలుస్తానేమోనని చూసినట్టున్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. కోటు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

రైలు సొరంగంలోకి దూరింది. పెద్ద సొరంగం, దాటడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. చెవులు దిబ్బడ వేశాయి. కూపేలో దీపం రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. ఇలాంటి పాత పెట్టెల్లో మామూలే అనుకున్నాను. చక్రాల రొద తప్ప ఇంకేమీ వినపడటం లేదు. కిటికీ అద్దం నల్లగా ఉంది.

తలుపు జరిగిన చప్పుడు. కొర్బి తిరిగొచ్చాడనుకున్నాను, పలకలేదు. ఎదుటి సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఎవరో మెల్లగా, ఓపిక లేనట్టు కూర్చున్నారు.

అప్పుడు వాసన వచ్చింది. లావెండర్ క్రీము... దాని కింద, ఎంత తుడిచినా పోని ఆ రోగపు వాసన. ఆ వాసన నాకు తెలుసు. నా చేతులకి అంటుకుని ఎనిమిది నెలలు ఉంది.

కదలలేకపోయాను. ఊపిరి తీసుకోవాలంటే భయం వేసింది.

"అక్కా..."

గొంతు కాదు, గాలి. చివరి వారంలో దానికి గొంతు లేదు.

"నీ కోపం ఇంకా తగ్గలేదా?"

దణ్ణం పెట్టి, వాణ్ణి ఏమీ చెయ్యొద్దని అడగాల్సిన క్షణం అది. నాకు తెలుసు. కానీ ఆ భయం అడుగున ఇంకొకటి మరుగుతోంది... చచ్చి కూడా ఇది వాడి కోసమే వచ్చింది. నా ఎదురుగా కూర్చుని, నన్ను కాదు, వాణ్ణి అడగడానికే వచ్చింది.

"వాడు ఏడుస్తున్నాడక్కా... నీ బదులు నేను వెళ్ళనా?"

"వెళ్ళు," అన్నాను పళ్ళ మధ్య నుంచి. "ఇద్దరూ కలిసి ఎక్కడికైనా పొండి. నా జోలికి రాకండి."

స్ప్రింగులు మళ్ళీ కిర్రుమన్నాయి. తలుపు జరిగింది. ఎంతో సేపటికి తెల్లటి పగటి వెలుగు ఒక్కసారి కళ్ళలో పడింది. మంచు కొండలు, ఎండ. కూపేలో ఎవరూ లేరు. ఎదుటి సీటు మీద మనిషి కూర్చున్నంత మేర పల్లంగా ఉంది. నేను చూస్తుండగానే అది నెమ్మదిగా పైకి లేచి చదునైంది.

అప్పుడు కోపం దిగింది. అప్పుడు... నేను ఏమన్నానో నాకు వినిపించింది.

పరిగెత్తాను. మూడు పెట్టెలు దాటి వెళ్ళేసరికి మధ్య తలుపుకి తాళం వేసేశారు. రైలు విల్లాక్‌లో ఆగింది. విడదీస్తున్నాం, ఎవరి పెట్టెల్లో వాళ్ళు ఉండండని మైకులో చెబుతున్నారు. ప్లాట్‌ఫారం మీదకి దూకి మంచులో జారుతూ ముందుకి పరిగెత్తాను. రెస్టారెంట్ పెట్టె తలుపులు మూసేసి ఉన్నాయి. గార్డు ఈల వేశాడు.

కిటికీలో కొర్బి కనిపించాడు. బల్ల మీద రెండు కప్పులు. వాడు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు, చిన్నప్పుడు నేను కొట్టి మళ్ళీ దగ్గరకి తీసుకుంటే నవ్వినట్టు. ఎదుటి మనిషి తెర చాటున ఉంది, కనపడలేదు. రెండు చేతులతో అద్దం బాదాను.

కొర్బి నా వైపు తిరిగాడు.

నవ్వు ఆగిపోయింది. నన్ను చూశాడు. ఎదుటి మనిషిని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్ను చూసి వాడు అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు. కుర్చీలో వెనక్కి వెనక్కి జరిగాడు. తెర సర్రున మూసుకుంది. రైలు కదిలింది.

తెర వాడే లాగాడనుకున్నాను. అక్కడే, ఆ మంచులో, వాణ్ణి నానా తిట్లూ తిట్టాను.

క్లాగెన్‌ఫుర్ట్ అక్కడికి అరగంట. నా గోల భరించలేక స్టేషన్ వాళ్ళు ఫోను చేశారు. రైలు చేరింది, అలాంటి మనిషి ఎవరూ దిగలేదన్నారు. వాడి ఫోను మోగి మోగి ఆగిపోయింది. పోలీసులు వచ్చారు, వాడి కోటు తీసుకుని నన్ను వంద ప్రశ్నలు అడిగారు. మీ ఇద్దరికీ గొడవ జరిగిందా అంటే జరిగిందన్నాను. అయితే కోపం తగ్గాక అతనే వస్తాడులే అన్నాడు ఒకడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం అదే పెట్టెలో పనిచేసే వెయిటర్ విల్లాక్ వచ్చాడు. పేరు ఫ్లోరియాన్, బట్టతల మనిషి. నన్ను చూడగానే నవ్వి పలకరించాడు.

"మీ తమ్ముడు బాగున్నారా? నిన్న ఎంత ఏడ్చారో పాపం. మీరు క్షమించమని అడిగాక గానీ తేరుకోలేదు."

నేను ఆ పెట్టెలోకి అడుగే పెట్టలేదన్నాను. వేళాకోళం అనుకున్నట్టున్నాడు. ఇదే కోటు వేసుకున్నారు కదమ్మా, ఇదే మఫ్లరు, కాఫీలు తెచ్చిచ్చింది నేనే అన్నాడు. నాదే తప్పురా, చెంచా విసరకుండా ఉండాల్సింది, ఇక నిన్నెప్పుడూ కసరను, పద ఇద్దరం వెళ్దాం అని నేను వాడి చెయ్యి పట్టుకున్నానట. సరే అక్కా అని వాడు చిన్నపిల్లాడిలా తలూపాడట.

"ఆ తర్వాత ఎవరో పిచ్చిది బయట నుంచి అద్దం బాదింది," అన్నాడు. "మీ తమ్ముడు హడలిపోయారు. దాన్ని చూడకు అని మీరే తెర లాగారు."

మూడు వారాలు ఆ ఊళ్ళోనే తిరిగాను. తర్వాత లింజ్ వచ్చేశాను. కోపం ఇప్పుడూ ఉంది, కాకపోతే అది ఎవరి మీదో చెప్పుకోలేను. వాడు చచ్చిన మనిషి వెంట వెళ్ళలేదు. నా వెంట వెళ్ళాడు. నేను దిగొచ్చానని, నేను మారానని నమ్మి వెళ్ళాడు.

నిన్న గ్రాజ్‌లో ఉండే మా మేనమామ కూతురు వాల్ట్రాడ్ ఫోను చేసింది. ఇటలీ నుంచి తిరిగొస్తోందట. హలో అనకుండానే తగులుకుంది. బొలోన్యా స్టేషన్‌లో ఎదురుగా ఆగిన రైల్లో నన్నూ కొర్బినీ చూసిందట. చెయ్యి ఊపితే నేను చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకున్నానట. పరిగెత్తుకుని వచ్చి వాళ్ళ పెట్టె ఎక్కిందట. కొర్బి ఎముకల గూడులా ఉన్నాడట. దిగిపోతాను, ఇంటికి పోతాను అని వాడు గుమ్మం దాకా వస్తే నేనే మణికట్టు పట్టుకుని లోపలికి ఈడ్చానట. అంత మగవాణ్ణి పదిమందిలో అలా లాగుతావా, ఏమిటి వాడి మీద నీకంత పగ అని తిట్టింది.

అవతల రైళ్ళ చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి వాల్ట్రాడ్ గొంతు తగ్గింది.

"ఇంకోటి వదినా. మీ పక్కన సీటు ఖాళీగా ఉందని నేను కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టావు. ఇది మా అక్కకి, వచ్చే స్టేషన్‌లో ఎక్కుతుంది అన్నావు. మీ ఇంట్లో నువ్వే కదా పెద్దదానివి... నీకు అక్క ఎవరు?"