రెండు సగాల జంపఖానా

"తినేకాడ కూసో బావా, మగ్గంకాడ గాదు. గా చేతులతోని నేస్తే నా సగం ఇయ్యాల అయితది, నీ సగం ఎల్లుండి అయితది."

మరిపెడ నుంచి జంపఖానా నేత నేర్చుకోవడానికి కొత్తవాడలోని మేనమామ ఇంట్లో దిగిన వెంకటరాజానికి మరదలు అనసూర్య పలికిన స్వాగతం అది. జంపఖానా మగ్గం వెడల్పు మరి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని చెరో సగం నేస్తూ, రంగు నూలు నడుమన చేతులు మార్చుకోవాలి. ఆ మార్చుకునే చోటే మనవాడు మనసు కూడా ఇచ్చేశాడు. ఆమె వేగం మాత్రం ఇప్పటికీ అందుకోలేదు.

ఇవాళ పక్క పీట ఖాళీ. ముట్టు రోజుల్లో ఆ ఇంటి ఆడవాళ్లు మగ్గం తాకరు. మొదటి రెండు రోజులూ అనసూర్యకు కడుపునొప్పి ప్రాణం తోడేస్తుంది. అయినా ఏడ్చే రకం కాదు. వేయించిన ఉప్పు మూట కట్టి పొత్తికడుపుకు కాపడం పెట్టుకుని, వేడి ఓమ కషాయం తాగుతూ, వెనక వసారా నుంచే హుకుం జారీ చేస్తోంది.

"చప్పుడు లేదేంది బావా? నిద్రవోతాన్నవా?"

"నేస్తాన్న."

నిజంగానే నేస్తున్నాడు. తన సగం నేసి, లేచి ఆమె పీట మీదికి దూకి, ఆమె సగం నేసి, మళ్లీ ఇటు దూకుతున్నాడు. కోడిపుంజు తడిక దాటినట్టున్న ఆ గెంతులు తలుపు సందులోంచి చూసి అనసూర్యకు నవ్వాగలేదు.

"నవ్వియ్యకు బావా. నవ్వితే ఇంకింత నొస్తాంది."

"ఉప్పు సల్లారిందా? మల్ల ఏంచుకొస్త."

అంతలో గుమ్మంలో ఎవరో దగ్గారు. వెంకటరాజం తల్లి విమలమ్మ. పెళ్లి ఖాయం చేద్దామని బస్సు దిగి నేరుగా వచ్చింది. ఆమె వద్దంటే ఇక సంబంధం లేదు. ఖాళీ పీటనూ, ఉప్పు కాపడం మాటనూ బట్టి సంగతి గ్రహించింది.

"నెలనెలా గిట్ల మూలకు పడితే మగ్గమెట్ల నడుస్తదిరా? జర ఆలోచన జెయ్యాలె."

జవాబు వసారా నుంచి వచ్చింది. "నొప్పి రెండు దినాలే అత్తా. దాన్నెట్ల అణగవెట్టాల్నో నాకెరుకే. తానం జేసి మగ్గమెక్కిన్నంటే ఎవరు ఎనకవడ్తరో నీ కొడుకునే అడుగు."

"నేనే అవ్వా," అన్నాడు వెంకటరాజం. "నెలంతా నా సగం కోసం ఆమె ఆగుతాంది. రెండు దినాలు ఆమె సగం కోసం నేను దునుకుతే ఏం బోయింది? ఈ పిల్ల పక్కన లేని మగ్గం నాకొద్దు."

విమలమ్మ చేతిసంచి గోడకు తగిలించింది. కొంగు బొడ్లో దోపి, మేనకోడలి పీట మీద కూర్చుంది.

"నాకు గిదే నొప్పి ఉండె. మీ నాయిన ఒక్కనాడు మగ్గం దిగి, ఎట్లున్నదే అని అడగలే," అంది నూలు అందుకుంటూ. "పో, ఉప్పు ఏంచుకరా. ఇయ్యాల్టికి నా కోడలి సగం నేను నేస్త. పెండ్లయినంక నువ్వే దునుకు."

వసారాలో మళ్లీ నవ్వు.

"నవ్వియ్యకు అత్తా," అంది అనసూర్య. "నొస్తాంది."